గాలికి ఊగిన చిరునామా

ఒక పెద్ద అడవిలో చెట్ల కంటే నిబంధనలు ఎక్కువ. చెట్టుకైతే ఆకు రాలే కాలమంటూ ఒకటుంటుంది. నిబంధనకి అదీ లేదు.

ఆ అడవికి తూర్పున ఒక వాగు, వాగు అవతల ఒక చిట్టడవి, దాని వెనక చేలు. ఒకప్పుడు ఎవరైనా ఎటైనా ఎగిరేవాళ్లు. అటు పిల్లని ఇటు ఇచ్చేవాళ్లు, ఇటు పిల్లవాణ్ణి అటు ఇల్లరికం పంపేవాళ్లు. కాళ్లు తడుస్తాయన్న భయం తప్ప వాగు దాటడానికి ఇంకే భయమూ ఉండేది కాదు.

ఒక ఏడాది వానలు సరిగ్గా పడలేదు. మేత తగ్గింది. ఎందుకు తగ్గిందని మృగరాజు అడిగాడు. వాన పడలేదని చెబితే ఆయనకి కోపం వస్తుంది, ఎందుకంటే వాన మీద ఆయన ఆజ్ఞ చెల్లదు. అందుకని మంత్రులు తెలివిగా "అవతలి నుంచి వచ్చినవాళ్లు తినేస్తున్నారు ప్రభూ" అన్నారు. ఈ కారణం ఆయనకి బాగా నచ్చింది. వాగు నడిమి గీత సరిహద్దు అని చాటింపు వేయించి, ఒడ్డున ఒక బండ కింద ఆఫీసు పెట్టించాడు. అవతలి అడవి నుంచి పెళ్లాన్నో మొగుణ్ణో తెచ్చుకోవాలంటే ఇకమీదట అక్కడ జంట వీసా తీసుకోవాలి.

ఆఫీసులో పెద్ద అధికారి తాబేలు కూర్మారావు. ఇల్లు వీపు మీదే ఉండడం వల్ల ఆయన ఎప్పుడూ ఇంట్లోనే ఉంటాడు, ఎప్పుడూ ఆఫీసులోనూ ఉంటాడు. ఇల్లొకచోట, పనొకచోట, మనసొకచోట ఉన్నవాణ్ణి చూస్తే ఆయనకి మహా అనుమానం.

ఆ వాగు ఒడ్డునున్న ఈతచెట్టు మీద గిజిగాడు పిచ్చయ్య పుట్టాడు, పెరిగాడు. మృగశిర కార్తెలో నాలుగు చినుకులు పడి తల మీద పసుపు తేరేసరికి, విత్తనాలు చల్లిన చేలకి గింజల కోసం పోయి, అక్కడ నాంచారి అనే పిల్లని చూశాడు. ఇద్దరూ ఒకే గింజ మీద వాలారు. నాంచారి వదల్లేదు. పిచ్చయ్య వదిలేశాడు. ఆరుద్ర కార్తె వచ్చేసరికి మాట ఖాయమైంది.

కాపురం మాత్రం ఇటువైపే పెట్టాలి. ఎందుకంటే చిట్టడవిలో ఈతచెట్లు లేవు, ఉన్నవన్నీ మనుషులు చాపలకీ చీపుళ్లకీ కొట్టుకుపోయారు. తుమ్మచెట్టు మీద కడదామా అంటే పాముల బాధ. నీళ్ల మీదికి వాలిన మట్ట కొసన గూడు వేలాడితేనే గిజిగాళ్ల పిల్లలు బతికి బట్టకడతారు. ఆ చుట్టుపక్కల అలాంటి చెట్టు పిచ్చయ్య పుట్టిన చెట్టు ఒక్కటే.

"బావా, మఖ కార్తె వెళ్లేలోగా నేను గుడ్లు పెట్టాలి. అది దాటిందంటే ఈ ఏడు పిల్లలు లేనట్టే," అంది నాంచారి. "ఆలస్యంగా పెట్టి, పుట్టీ పుట్టగానే మాడిపోయే పిల్లల్ని నేను చూడలేను. మీ ఆఫీసువాళ్లు కాగితం ఎన్నాళ్లకిస్తారో కనుక్కో."

"ఎన్నాళ్లో ఎందుకు? నేను ఆ అడవిలోనే పుట్టానుగా!" అన్నాడు పిచ్చయ్య. పాపం, పుట్టడం కూడా ఒక అర్హత అనుకున్నాడు.

మర్నాడు బండ కిందికి వెళ్లాడు. కూర్మారావు డిప్పలోంచి మెడ చాచి, మోదుగాకుల మీద రాసుకున్న నిబంధనలు ముందు పెట్టుకున్నాడు.

"మొదటిది ఆదాయం. నీ చెట్టు కింద వెయ్యి గింజల నిల్వ చూపించాలి."

"మా జాతిలో దాచుకోవడం లేదండి. దొరికింది తింటాం, ఎగురుతాం."

"మరి పెళ్లాన్ని ఏం పెట్టి పోషిస్తావయ్యా?"

"తన తిండి తనే తెచ్చుకుంటుందండి. గింజలేరడంలో నాకంటే ఆవిడే గట్టిది."

"ఆవిడ సంపాదన లెక్కలోకి రాదు. ఆవిడింకా ఇక్కడికి రాలేదుగా."

పిచ్చయ్య లెక్క వేసుకున్నాడు. "సరేనండి, తెస్తాను. గింజలుండేది అవతల చేలల్లో కదా, రోజుకి ఓ ఇరవైసార్లు పోయొస్తే..."

"ఆగాగు. రెండోది నివాసం. నువ్వు ఈ అడవి వాసివై ఉండాలి. అర్జీ తేలేదాకా పదిసార్లకి మించి వాగు దాటకూడదు."

"పదిసార్లలో వెయ్యి గింజలెలా వస్తాయండీ? నా ముక్కులో ఒకసారికి ఒక్క గింజే పడుతుంది!"

"అది నీ ముక్కు సంగతి. నిబంధనకి ముక్కుండదు." కూర్మారావు ఇంకో ఆకు తిప్పాడు. "మూడోది, మీ ఇద్దరిదీ నిజమైన బంధమేనని రుజువు. తరచూ కలుసుకుంటూ ఉండాలి."

"ఎక్కడ కలుసుకోవాలండీ?"

"అది మీ ఇష్టం. అందులో మేం జోక్యం చేసుకోం. ఆవిడ ఇటు రాకూడదు, నువ్వు లెక్క మించి అటు పోకూడదు, అంతే."

పిచ్చయ్య తల దించుకున్నాడు. కూర్మారావు దాన్ని అంగీకారంగా తీసుకుని నాలుగో ఆకు తీశాడు.

"ఇల్లు. గది, లోపలికి పోయే గొట్టం, గుమ్మంతో సహా పూర్తయి ఉండాలి."

ఇక్కడ గిజిగాళ్ల ఆచారం ఒకటి చెప్పకపోతే కథ ముందుకి పోదు. మగపిట్ట గూడు సగమే అల్లి ఆపేస్తుంది. అప్పుడది బోర్లించిన బుట్టలా వేలాడుతూ ఉంటుంది. ఆడపిట్ట వచ్చి లోపల దూరి, ఊగి, పోచపోచా పీకి చూస్తుంది. నచ్చితే కూర్చుంటుంది, మగవాడు సంబరంగా మిగతాది అల్లుతాడు. నచ్చకపోతే తుర్రుమంటుంది, వాడు ఏడ్చుకుంటూ ఇంకోటి మొదలుపెడతాడు. ఆడపిట్ట చూడకుండా గూడు పూర్తి చేసినవాణ్ణి చూసి ఆ జాతంతా నవ్వుతుంది. పెళ్లికూతురు లేకుండా తలంబ్రాలు పోసుకున్నట్టన్నమాట.

ఆ సంగతే పిచ్చయ్య విన్నవించుకున్నాడు.

"అంటే పెళ్లాం వస్తే ఇల్లు పూర్తవుతుందంటావు," అన్నాడు కూర్మారావు.

"అవునండి."

"ఇల్లు పూర్తయితే పెళ్లాం వస్తుందంటుంది నిబంధన. మీ ఇద్దరిలో ఎవరో ఒకరు మారాలి. నిబంధన మారదు."

పిచ్చయ్య బండ కింద నుంచి బయటికొచ్చి రెక్కలు వేలాడేసుకుని కూర్చున్నాడు. ఇలా కూర్చునేవాళ్ల కోసమే ఆఫీసు పక్క మామిడిచెట్టు మీద కోకిల కలకంఠరావు కాచుకుని ఉంటాడు. ఆయన జంట వీసాల ఏజెంటు. ఆయనగాని, ఆయన వంశంలో ఇంకెవరుగాని ఒక్క పుల్ల పేర్చి గూడు కట్టిన పాపాన పోలేదు. అయినా ఇళ్ల కాగితాల గురించి ఆయనకి తెలియనిది లేదు. ఆయన భార్య కాకి ఇంట్లో గుడ్డు పెడితే, కాకి చేతే సాకించి, ఆ పిల్లకి సొంతింటి కాగితం కూడా తీయించిన ఘనుడు.

"ఏం నాయనా, నాలుగు ఆకులూ చదివి వినిపించాడా?" అన్నాడు తియ్యగా.

"వినిపించాడండి. ఒక్కటీ నా వల్లయ్యేది కాదు."

"పిచ్చివాడా! నిబంధనలు ఉన్నది పాటించడానికనుకున్నావా? చూపించడానికి. నా దగ్గర వెయ్యి గింజల కుప్ప ఒకటుంది. ఇన్‌స్పెక్టరు వచ్చే పూట నీ చెట్టు కింద ఉంటుంది. ఆయన వెళ్లగానే ఇంకొకరి చెట్టు కిందికి పోతుంది."

"అబద్ధం కాదా అండీ?"

"గింజలు నిజమైనవే! అందులో అబద్ధపు గింజ ఒక్కటి చూపించు, నేను ఏజెంటుగిరీ మానేస్తాను."

"మరి ఇల్లు?"

"రెండు గూళ్లు కట్టు. చెట్టు మొదలు దగ్గర ఒకటి, ఆఫీసుకి, పూర్తిగా. మట్ట కొసన ఒకటి, మీ ఆవిడకి, సగం. ఎవరి ముచ్చట వాళ్లది. పనయ్యాక ఆఫీసు గూడు నాకు ఫీజు కింద ఇచ్చెయ్. తర్వాత వచ్చేవాళ్లకి చూపించుకోవడానికి పనికొస్తుంది."

"మరి బంధానికి రుజువండీ? కలుసుకోవడం?"

"రోజూ తెల్లారి ఈ ఒడ్డున నువ్వు, ఆ ఒడ్డున ఆవిడ నిలబడి అరుచుకోండి. సాక్ష్యానికి వాగు నిండా కప్పలే."

దారి దొరికిందంటే గుండె నిబ్బరం అదే వస్తుంది. పిచ్చయ్య ఆరుద్రలో మొదలుపెట్టి పునర్వసు వచ్చేసరికి రెండు గూళ్లు అల్లాడు. ఆఫీసు గూడు అల్లేటప్పుడు మాత్రం ఎవరైనా చూస్తారేమోనని ఆకుల చాటుకి తిరిగి అల్లాడు. తెల్లవారగానే ఒడ్డున నిలబడేవాడు.

"తిన్నావా నాంచారీ?"

"తిన్నాను బావా! నువ్వు తిన్నావా?"

"పురుగులే! పదిసార్లూ అయిపోయాయి, చేలకి రాలేను!"

"చిక్కిపోయావు!"

"ఇక్కణ్ణుంచి కనపడుతోందా?"

"గొంతులో తెలుస్తోంది!"

ఆ మాటకి పిచ్చయ్యకి కళ్లు చెమర్చేవి. నడుమ కప్పలు "ఇవాళ అమ్మాయిది కాస్త కోపంగా ఉన్నట్టుంది" అని వ్యాఖ్యానాలు చేసుకునేవి. నెల తిరిగేసరికి వాళ్ల సంసారం గురించి వాళ్లకంటే కప్పలకే ఎక్కువ తెలుసు.

ఆదాయం చూడ్డానికి పందికొక్కు పానకాలు వచ్చాడు. గింజల తనిఖీకి పందికొక్కుని ఎవరు నియమించారని అడక్కండి. గింజల మీద అంత శ్రద్ధ ఉన్నవాడు అడవిలో ఇంకొకడు లేడని ఆయన దరఖాస్తులోనే రాసుకున్నాడు. కుప్ప చుట్టూ రెండుసార్లు తిరిగి, ఒక పిడికెడు నోట్లో వేసుకుని, "శాంపిలు," అన్నాడు. నమిలి, "ఆదాయం ఉంది," అని రాసుకుని వెళ్లిపోయాడు.

పిచ్చయ్య ఎగిరి గంతేశాడు. అవతలి ఒడ్డున నాంచారి కూడా ఎగిరింది. అదే కుప్ప ఆ సాయంత్రం బుల్బుల్ చెట్టు కింద, మర్నాడు గువ్వల పొద దగ్గర, ఆ మర్నాడు గోరింక తొర్ర ముందర కనపడింది. పదిహేను రోజుల్లో నలభై ఇళ్లు తిరిగింది. నలభై చోట్లా పానకాలు శాంపిలు తిన్నాడు, నలభై చోట్లా ఆదాయం ఉందని రాశాడు. తరిగినంత మేర కలకంఠరావు ఇసుకలో గుండ్రాళ్లు ఏరి కలుపుతూ పోయాడు.

నలభై నివేదికలూ దర్బారుకి చేరాయి. మృగరాజు చదివించుకుని మీసం దువ్వాడు.

"మన అడవిలో పిట్ట పిట్టకీ వెయ్యి గింజలున్నాయా! నా పాలనలో ఇంత సుభిక్షంగా ఉందని నాకే తెలియదే! ఇలాంటి అడవిలోకి వెయ్యి గింజలవాళ్ల పెళ్లాలు రావడం ఏం మర్యాద? రెండు వేలు చెయ్యండి."

పిచ్చయ్య ఫైలు తెరిచే రోజుకి చాటింపు పడింది.

"నేను అర్జీ పెట్టినప్పుడు వెయ్యి కదండీ?" అన్నాడు పిచ్చయ్య, బండ కింద నిలబడి.

"నువ్వు పెట్టింది అప్పుడు. నేను తెరిచింది ఇప్పుడు," అన్నాడు కూర్మారావు.

అప్పటికి పుష్యమి సగం అయింది. ఉన్న ఒక్క కుప్పనీ ఊరంతా తిప్పి, మా అడవి ధనికమైందని మేమే సాక్ష్యం చెప్పామే అని పిచ్చయ్య తల కొట్టుకున్నాడు. కలకంఠరావు మాత్రం ఈక కూడా కదపలేదు. పానకాలుని పక్కకి పిలిచి చెవిలో ఒక పాట పాడాడు. మర్నాడు పానకాలు పొద్దున ఒకసారి వచ్చి వెయ్యి చూశాడు, సాయంత్రం మళ్లీ వచ్చి అదే వెయ్యి చూశాడు. కలిపి రెండు వేలని రాసుకున్నాడు. రెండు శాంపిళ్లు తిన్నాడు. రెండోదాంట్లో ఒక గుండ్రాయి తగిలి పన్ను విరిగింది, అయినా పైకి అనలేదు. ఏమని ఫిర్యాదు చేస్తాడు?

రెండు వేలు పెట్టినా నలభై మందీ ఎలా నెగ్గుతున్నారో దర్బారుకి అంతుపట్టలేదు. ఎవర్నీ రానివ్వకుండా ఉండడానికి పెట్టిన ఆఫీసు నిజంగానే వీసాలు ఇచ్చేస్తుందేమోనని భయం పట్టుకుంది. "ఆదాయంలో దొరకకపోతే నివాసంలో పట్టుకోండి. చిరునామా స్వయంగా వెళ్లి చూడండి," అని కూర్మారావుకి తాఖీదు వచ్చింది.

కూర్మారావు బయల్దేరాడు. బండ నుంచి ఈతచెట్టు వంద గజాలు. పదకొండు రోజులు పట్టింది. ఆ పదకొండు రోజులూ పిచ్చయ్య చెట్టు మీది నుంచి ఆయన రాకని చూస్తూనే ఉన్నాడు. ఒక రోజు ఆయన గడ్డిపరక దగ్గర ఆగి తింటూ ఉంటే, ఆశ్లేష కార్తె ఆయన పక్క నుంచే దాటిపోయినట్టనిపించింది. అవతలి ఒడ్డున నాంచారి అరవడం తగ్గించింది. "ఇంకా ఎక్కడున్నాడు?" అని మాత్రం అడిగేది.

చివరికి మఖ మొదటి పాదంలో వచ్చాడు. మెడ పైకెత్తి చూశాడు.

"రెండిళ్లున్నాయేం? ఏది నీది?"

కూర్మారావు చూస్తున్నంతసేపూ ఆకుల చాటు నుంచి కలకంఠరావు కళ్లతో సైగ చేస్తూనే ఉన్నాడు. మొదలు దగ్గరిది అని ఒక్క మాట అంటే చాలు. కానీ గిజిగాడి ముందు ఎవరైనా రెండు గూళ్లు చూపించి ఏది నీది అంటే, వాడు ఊళ్లో ఎన్ని అబద్ధాలాడినా ఆ ఒక్క విషయంలో ఆడలేడు. అల్లినవాడి అభిమానం అలాంటిది.

"అది మీకోసం కట్టిందండి. చూశారుగా, పోచలు కూడా సరిగ్గా లాగలేదు," అన్నాడు పిచ్చయ్య. "మా ఇల్లు కొసన ఉన్నది. పనితనం చూడండి అసలు!"

కలకంఠరావు కళ్లు మూసుకున్నాడు.

"అయితే మొదలు దగ్గరిది కొట్టేశాను," అన్నాడు కూర్మారావు. "కొసన ఉన్నది ఎక్కడుందో కొలవాలి."

నెమ్మదిగా వాగులోకి దిగి, ఈదుకుంటూ సరిగ్గా నడిమి గీత మీదికి వచ్చి ఆగాడు. వీపు కుడి సగం పెద్దడవిలో, ఎడమ సగం చిట్టడవిలో ఉండేలా సర్దుకున్నాడు. మెడ పైకెత్తాడు. సరిగ్గా నెత్తి మీద గూడు. వానాకాలపు పడమటి గాలికి అది తూర్పుకి ఊగింది, కాస్త వెనక్కి వచ్చింది, మళ్లీ తూర్పుకి ఊగింది. పిచ్చయ్య గూటి అంచున పట్టుకుని వణికిపోతున్నాడు. ఆ కంగారులో కడుపు ఆగలేదు. పైనుంచి రెట్ట జారి వచ్చి కూర్మారావు వీపు మీద పడింది.

"ఏ సగం మీద పడింది?" అని ఆయన కప్పల్నడిగాడు.

"ఎడమ సగం మీదండీ," అన్నాయి కప్పలు, ఒక్క గొంతుతో.

"ఎడమ సగం అవతలి అడవి," అన్నాడు కూర్మారావు. ఆయన గొంతులో కోపం లేదు, తృప్తి ఉంది. "గాలి ఏ కాలం నుంచి ఇటు వీస్తోంది?"

"మృగశిర నుంచండీ."

"అయితే మృగశిర నుంచీ ఇతను విదేశంలో ఉన్నాడు."

అక్కడికక్కడే తామరాకు మీద తీర్పు రాసి, పంజా ముద్ర వేశాడు. పిచ్చయ్య అనే గిజిగాడు పెద్దడవి వాసి కాడు. ఇతని గూడు, రెట్ట పడిన స్థలాన్ని బట్టి, చిట్టడవి పరిధిలో ఉన్నట్టు నిర్ధారణ అయినది. కావున ఇతనికి ఇటువైపుకి భార్యను రప్పించుకునే అర్హత లేదు. ఇకమీదట మన అడవిలో మేత మేయాలన్నా ముందుగా అనుమతి పొందవలెను.

పిచ్చయ్య ఆ ఆకు చదువుకున్నాడు. పెళ్లాన్ని రానివ్వకపోతే రానివ్వకపోయారు, తను పుట్టిన చెట్టు మీద తననే పరాయివాణ్ణి చేశారు. ఏడుపు రాలేదు. ఒళ్లు మండింది. ఆ మంటలోనే ఒక సంగతి తోచింది. పరాయివాణ్ణే అయ్యాక ఇక వాగు ఎన్నిసార్లు దాటితే ఎవడికి లెక్క? ఆకు ముక్కున పట్టుకుని నేరుగా నాంచారి ముందు వాలాడు.

"నా కోసం ఆగకు," అన్నాడు. "మఖ సగం కావస్తోంది. నా మూలంగా నీ ఏడాది పోవద్దు. ఇంకెవరైనా..."

"ముందా ఆకు ఇటివ్వు," అంది నాంచారి.

ఒకసారి చదివింది. మళ్లీ చదివింది. రెండోసారి చదివేటప్పుడు ఆవిడ తోక సన్నగా ఊగడం పిచ్చయ్య చూశాడు.

"బావా, ఇది నువ్వు చదివావా?"

"చదివాను. నాకు అర్హత లేదుట."

"నీ అర్హత సంగతి వదిలెయ్. పైన చూడు. గూడు చిట్టడవి పరిధిలో ఉన్నట్టు నిర్ధారణ అయినది. ముద్ర కూడా ఉంది."

"అదే కదా నా ఖర్మ."

"నీ తెలివి తెల్లారినట్టే ఉంది!" అంది నాంచారి. "చిట్టడవి ఎవరిది? మాది. ఆ గూడు మా అడవిలో ఉందని మీ ఆఫీసే రాసిచ్చింది. మా అడవిలో గూడు చూసుకోవడానికి నాకు ఎవడి వీసా కావాలి?"

పిచ్చయ్య నోరు తెరిచాడు. మూసే లోపలే ఆవిడ ఎగిరిపోయింది.

నాంచారి గూటి మీద వాలింది. బుట్టలో దూరింది. ఊగింది. ఎడమ పక్క పోచ ఒకటి పీకింది, రాలేదు. కుడి పక్కది పీకింది, అదీ రాలేదు. పైన ముడి దగ్గర ముక్కు పెట్టి, బలమంతా పెట్టి లాగింది. పిచ్చయ్య వెనకే వచ్చి పక్క మట్ట మీద వాలాడు. మృగరాజు ఆఫీసు కంటే ఈ తనిఖీ కఠినమైనది, ఇక్కడ శాంపిళ్లు నడవవు.

"ముడి బాగా వేశావు," అంది నాంచారి, తల బయటికి పెట్టి. "ఇంకా అలా చూస్తావేం? గొట్టం అల్లు. మఖ వెళ్లిపోతోంది."

ఆ వారం పిచ్చయ్య అల్లినంత వేగంగా ఏ గిజిగాడూ అల్లి ఉండడు. మఖ ఆఖరి పాదంలో మూడు గుడ్లు.

పానకాలు పరుగున దర్బారుకి పోయి మొత్తుకున్నాడు. "ప్రభూ, పరాయి పిట్ట మన చెట్టు మీద గుడ్లు పెట్టింది!"

మృగరాజు గర్జించాడు. "కూర్మారావ్, ఆ తీర్పు రద్దు చెయ్! ఆ గూడు మన అడవిలోదే అని రాసెయ్!"

"అలాగే ప్రభూ. అయితే గూడు మన అడవిలో ఉందని రాస్తే గుడ్లు కూడా మన అడవిలో పెట్టినట్టవుతుంది. పుట్టిన పిల్లలు మన వాసులవుతారు. వాళ్లు తల్లిని రప్పించుకోవాలని అర్జీ పెడతారు."

మృగరాజు గర్జన సగంలో ఆగింది.

"పైగా తీర్పు రద్దుకి బాధితుడు అర్జీ పెట్టుకోవాలి," అన్నాడు కూర్మారావు. "బాధితుడు మన వాసి కాడు, పెట్టడానికి వీల్లేదు. అన్నిటికీ మించి, అతను బాధపడుతున్నట్టు కనపడడం లేదు."

కబురు ఒక్క పూటలో అడవంతా పాకింది. బుల్బుల్ తన గూడు పీకి వాగు మీదికి వాలిన కొమ్మ కొసకి మార్చుకుంది. గువ్వలు వెనకాలే వెళ్లాయి. గోరింక, తొర్రని కొసకి తీసుకుపోయే వీలు లేక, తొర్రే వదిలేసింది. ఆఫీసు ముందు వరస ఇదివరకటి కంటే పొడుగైంది. ఇదివరకు అందరూ మేం ఇక్కడివాళ్లమని రుజువులు పట్టుకుని నిలబడేవాళ్లు, ఇప్పుడు మేం ఇక్కడివాళ్లం కామని రుజువులు పట్టుకుని నిలబడ్డారు. కలకంఠరావు కుప్ప అమ్మేసి, మామిడిచెట్టుకి కొత్త బోర్డు కట్టాడు. తిరస్కరణ గ్యారంటీ, లేకపోతే ఫీజు వాపసు.

ఏడాది చివర కూర్మారావు దర్బారులో లెక్క చదివాడు. లోపలికి వచ్చిన పరాయి జంటలు సున్నా. తేలని అర్జీలు సున్నా. మృగరాజు ఆనందించి ఆయనకి ప్రమోషను ఇచ్చాడు. ఈ మధ్య తెల్లవారుజామున పిట్టల గోల లేక నిద్ర కూడా బాగా పడుతోందని మెచ్చుకున్నాడు. చెట్లకి పురుగు పట్టి ఆకులు రాలుతున్నాయని ఎవరో అన్నారు గాని, ఆ సంగతి ఆ ఆఫీసు పరిధిలోకి రాదు.

పిచ్చయ్య పిల్లలు ముగ్గురికీ రెక్కలొచ్చాయి. ఒక పొద్దున పెద్దది మట్ట మీదుగా గెంతుకుంటూ చెట్టు మొదలు వైపు బయల్దేరింది. నాలుగు గెంతులు గెంతేసరికి, విరిగిన పన్నుతో పానకాలు కింద నిలబడి కేక వేశాడు.

"ఏయ్, ఆగక్కడ! కాగితం ఉందా?"

పిల్ల బెదిరి వెనక్కి వచ్చింది. "నాన్నా, అటు ఏముంది? ఎందుకు పోనివ్వరు?"

పిచ్చయ్యకి ఆ మాట గుచ్చుకుంది. అటు ఏముందో ఆయనకి బాగా తెలుసు. తను పుట్టిన మట్ట ఉంది, ఎగరడం నేర్చుకుంటూ పడిన పొద ఉంది. అవి పిల్లలకి చూపించాలంటే ఇప్పుడు రెండు వేల గింజలు చూపించాలి.

"ఏం లేదమ్మా," అన్నాడు చివరికి. "అటు ఒక ఆఫీసుంది."

నాంచారి తామరాకు తీర్పుని మడిచి, గూటి లోపల గుడ్లు పెట్టిన చోటే, మెత్తటి పోచల కింద దాచింది.

నీతి: సంసారం చేసుకోదలచినవాడు అనుమతి కాగితం పోగొట్టుకున్నా ఫరవాలేదు, తిరస్కరణ కాగితం మాత్రం భద్రంగా దాచుకోవాలి.